తెల్ల గలీబు కుర్చీ

పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ వాటి గాలి ముందు వరుసలకే సరిపోతోంది, వెనక గోడను ఆనుకుని కూర్చున్న పిచ్చయ్య దాకా కిరకిర చప్పుడొక్కటే వస్తోంది, రానీ, అతనికి గాలితో ఏం పని, ఒళ్ళో గుడ్డసంచి ఉంది, సంచిలో తలకు చుట్టుకునే రుమాల ఉంది, దాన్ని పైపైనే తడుముకుంటూ వేదిక మీది కుర్చీలను చూస్తున్నాడు. అన్నిటికీ తెల్ల గలీబులు తొడిగారు. ప్లాస్టిక్ కుర్చీలకు పెళ్ళిబట్టలు. ఆనాటి కుర్చీ ఇది కాదు, అది టేకుది, ఈ బడిలోనే, ఈ హాలుకు అవతల హెడ్మాస్టరు గదిలో ఉండేది, ఇప్పుడూ ఉందేమో, దానికీ ఇట్లాంటి గలీబే, కొంగరెక్క తెలుపు. కొంగరెక్క అనుకున్నాడు గానీ కొంగ తెల్లగా ఉండి ఎన్నాళ్ళయింది, తన ఊరు బండ్రి చుట్టుపట్ల తెల్లనిదంటూ ఏం మిగిలింది కనుక. చేలో పత్తి ఎరుపు, బర్రె ముట్టె ఎరుపు, ఉతికి దండెం మీద వేసిన పంచె ఆరేలోగా ఎరుపు. చైనాలో ఏదో ఆటల పండగంట, దానికి ఇనుము కావాలంట, అందుకని సండూరు గుట్టలను తవ్వి లారీలకెత్తుతున్నారు, ఎవరో ఎక్కడో ఆడుకోవడానికి ఈడ పొద్దుతిరుగుడు పువ్వు మొహం తిప్పడం మానేసింది, దుమ్ము బరువుకు తల వంచుకుని నిలబడింది. తల వంచుకుని. సంచిలో గుడ్డను అతని వేళ్ళు గట్టిగా నలిపాయి.

ఈ పూట పండగ రామలక్ష్మమ్మ టీచరుది. పల్లె బడుల పిల్లలను చేరదీసి, పట్నం బళ్ళలో సీటు తెచ్చుకోవడానికి, తెచ్చుకున్నాక అక్కడ నిలబడడానికి వాళ్ళను తయారుచేసే తరగతులు ఆమె నడుపుతోంది. అట్లా వెళ్ళి కొత్త బళ్ళలో పైకొచ్చిన పిల్లలకు ఈ రోజు సన్మానం. పిచ్చయ్య కూతురు సౌభాగ్య, ఈ బడిలోనే తొమ్మిదో తరగతి, తరగతికంతా మొదటిది. శాలువ కప్పి బహుమానం ఇచ్చేది సుబ్బరామి సావుకారు. ఆ పేరు చెవిన పడినప్పటినుంచి పిచ్చయ్యకు అన్నం మీద ధ్యాస లేదు. ఆ చెయ్యే ఇవ్వాలి. ఆ చెయ్యి ఈ పిల్ల ముందుకు చాచిన క్షణాన తను లేవాలి, ఇంతమంది నడుమ, ఎరుపు మరకల రుమాలను దులపకుండా తలకు చుట్టుకోవాలి, అది చూసి ఆ మొహం మాడిపోవాలి. అంతే. అంతకుమించి దేవుడినేం అడగలేదు. సుంకలమ్మ గుడి ముందు నిలబడి చెప్పుకున్నది కూడా అదే, వాడి ముందర నా బిడ్డ నిలబడేదాకా ఈ తలకు గుడ్డ చుట్టను తల్లీ అని.

ఆ రోజు బస్సు రాలేదు. లారీల వరుసలో ఎక్కడో ఇరుక్కుందన్నారు. పిల్ల అప్పుడు అయిదో తరగతి ముగించింది, చుక్కల పరికిణీ, కొబ్బరినూనె కారుతున్న జడలు, బళ్ళారిలో ఈ దొడ్డబడి చూపిస్తానంటే రాత్రంతా నిద్రపోలేదు. లోడు లారీని చెయ్యెత్తి ఆపి, టార్పాలిన్ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. బడి గేటు దగ్గర దించి, మొహం తుడిచాడు, భుజాలు దులిపాడు, జడల మీద ఊదాడు. వెనకవైపు దులపలేదు. ఎదుగుతున్న ఆడపిల్ల, వీధిలో అంతమంది, నాయన చెయ్యి ఆడలేదు. వాళ్ళమ్మ వెంట ఉండుంటే పరికిణీని రెండు చరుపులు చరిచి లోపలికి పంపేది. ఉరుకుందమ్మ కూలికి పోయింది ఆ రోజు. అంతే తేడా. ఒక చరుపు. హెడ్మాస్టరు మంచివాడే, కన్నడంలో, కూత్కో మగూ అన్నాడు, కూర్చోమంటే పిల్ల కూర్చుంది. ఇంగ్లీషు పుస్తకం తీసి ఒక వరుస చదవమంటే చదవలేకపోయింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు, సరే పోయి రామ్మా అంటే లేచింది. లేచిన చోట తెల్ల గలీబు మీద ఎర్రగా రెండు అచ్చులు. పక్కన సోఫాలో కాఫీ తాగుతున్న పెద్దమనిషి, ఈ సావుకారే, బడి కమిటీలో మెంబరు, ఇరవై టిప్పర్ల యజమాని, తెలుగువాడే, మన మాటే మాట్లాడేవాడే, కప్పు కింద పెట్టి నవ్వాడు.

"చూస్తిరా సార్, సర్కారుకు రాయల్టీ కట్టకుండానే మాలు లోపలికి దింపేసింది పాప."

గదిలో అందరూ నవ్వారు. హెడ్మాస్టరు కూడా, కొంచెం. కాఫీ తెచ్చినవాడు కూడా. నవ్వు అయిపోయాక, కోపమేమీ లేకుండా, ఈగను తోలినట్టుగా, "తుడిచిపోప్పా. యాంటితో అని చూస్తాండావు, తలమీద ఉండాది గదా" అన్నాడు. పిచ్చయ్య రుమాల విప్పాడు. వాళ్ళ నాయన చుట్టుకున్న పద్ధతిలో, వాళ్ళ తాత చుట్టుకున్న పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చుట్టిన రుమాల. వంగి తుడిచాడు. ఇనుపదుమ్ము తుడిస్తే పోయేదా, రుద్దినకొద్దీ గలీబంతా పాకింది, రుమాలంతా పాకింది, ఇంకా వంగి ఇంకా రుద్దాడు, తలుపు దగ్గర పిల్ల గోడకు ఆనుకుని వెనకభాగం దాచుకుని నిలబడి చూస్తోంది. ఏడవలేదు. దాని కళ్ళు తన వంగిన మెడ మీద ఉన్నాయని అతనికి చూడకుండానే తెలిసింది. ఇద్దరూ ఆ తరువాత ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పిల్లలు తొందరగా మరిచిపోతారు, మంచిదే, మరిచిపోనీ, గుర్తుపెట్టుకోవడానికి తను ఉన్నాడు గదా.

మైకు గుయ్‌మంది. ఎవరో చేత్తో కొట్టి చూసి, అలో అలో అని వెళ్ళిపోయారు. సావుకారు ఇంకా వేదిక ఎక్కలేదు, బయట వరండాలో అందరికీ చేతులు జోడిస్తున్నాడు. ఇందాక గేటు దగ్గర పిచ్చయ్యకూ జోడించాడు. ఎదురెదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. పిచ్చయ్య రెప్ప వెయ్యకుండా చూశాడు, ఇన్నేళ్ళుగా మనసులో నూరిన చూపంతా చూశాడు. సావుకారు నవ్వాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగుండావా అప్పా? ఏంది ఇట్ల బోడితలతో నిలబడినావు, ఎండ సంపుతాండాది, ఏదన్న తలకు కట్టుకోగూడదా?"

ప్రేమగానే అన్నాడు. ఆ గొంతులో వెక్కిరింత ఉందేమోనని పిచ్చయ్య వెతికాడు, అడుగుదాకా వెతికాడు, లేదు. వాడికి గుర్తులేదు. ఇన్ని ఎండాకాలాలు తన మాడు కాలింది వాడి కోసమని వాడికి తెలియనే తెలియదు. పాము కరిచి పుట్టలోకి పోయి హాయిగా నిద్రపోయినట్టు. తిట్టి ఉంటే బాగుండేది. భుజం మీద ఆ చెయ్యి పడినచోట ఇంకా బరువుగానే ఉంది.

ఎండాకాలాలు. బోడితలతో చేను దున్నితే కళ్ళముందు నల్లచుక్కలు ఆడేవి. రెండుసార్లు చాలులోనే పడిపోయాడు. మొగవాడు తల బోడిగా తిరగడం ఇంట్లో చావు జరిగితేనే గదా, ఉరుకుందమ్మ ఊరుకునేదా, "ఎవురు సచ్చినారని ఇట్ల తిరుగుతాండావు, ఆ పేరేదో చెప్పు, నేనూ రెండు ఏడుపులు ఏడుస్తా" అనేది. చచ్చేవాడు ఇంకా చావలేదులే అని లోపల అనుకునేవాడు, పైకి అనేవాడు కాదు. హోటలు కట్ట మీద హులిగప్ప, "పిచ్చయ్యప్పా, నీ మాడు మింద రొట్టె కాలుస్తాం, రెండు రోజులు ఈడనే కూచోరాదా, కట్టెలు ఆదా అయితాయి" అంటే అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వినట్టు మూతి కదిపేవాడు. రుమాల మాత్రం ఇంట్లో, దూలానికి వేలాడే ఖాళీ సిమెంటు సంచిలో ఉండేది. ఒకసారి ఉరుకుందమ్మ దాన్ని తీసి ఉతకడానికి చౌడు నీళ్ళలో నానబెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాడు, పెళ్ళయ్యాక ఆమె మీద అట్లా చెయ్యి విసిరింది అదొక్కసారే, ఆమె ఆ రోజంతా అతని మొహం చూడలేదు. చెప్పొచ్చు గదా. ఏమని చెప్తాడు. నీ బిడ్డ కూర్చున్న కుర్చీని నా తలగుడ్డతో తుడిచానని ఏ నోటితో చెప్తాడు.

వేరే దారులు తోచకపోలేదు. వాడి టిప్పర్లు ఊరి పక్కనుంచే పోయేవి, నంబర్లన్నీ నోటికి వచ్చేసరికి వాటి తాళ్ళు ఎక్కడ వదులో కూడా తెలిసిపోయింది. మలుపు దగ్గర వాడి జీపు నెమ్మదిస్తుంది. ఒక సాయంత్రం ఆ మలుపులో గుండ్రాయి పట్టుకుని కంపచెట్ల వెనక కూర్చున్నాడు. జీపు వచ్చింది. అద్దం దించి ఉంది. లోపల వాడి కొడుకు, విక్రమ్ అని పేరు, సౌభాగ్య ఈడువాడే, ఐసుపుల్ల చీకుతూ బయటికి చూస్తున్నాడు. రాయి చేతిలోనే ఉండిపోయింది. రాయి వేస్తే ఒక్కనాడు నెత్తురు కారుతుంది, మరునాడు కట్టు కడతారు, అంతే గదా. ఈ పగ వానకు మొలిచే గడ్డి కాదు, చెట్టు, గొయ్యి తవ్వాలి, నీళ్ళు పోయాలి, మేకలు మేయకుండా కంప కొట్టాలి, కాపుకు వచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. రాయిని గట్టు మీద పెట్టి ఇంటికి పోయాడు. ఆ తరువాత కొన్నాళ్ళకే రామలక్ష్మమ్మ టీచరు గుమ్మంలో నిలబడింది.

బండ్రిలో వాడకుండా పడి ఉన్న శెనక్కాయల గోదాములో తరగతులు. వేసవంతా, తరువాత ఆదివారాలు. పాపను పంపమని ఎంత చెప్పినా పిచ్చయ్య పలకడు. "ఏమప్పా, నోరు యాడన్న కుదవ పెట్టినావా, ఒక్క మాటన్న చెప్పు" అంది ఆమె విసిగి.

"పంపిస్తా. బళ్ళారిలో ఆ దొడ్డబడికి పోవాల నా బిడ్డ. ఇంగొకటి వద్దు."

"ఆ బడా? అది కష్టమప్పా."

"అదే."

ఆమె అతని బోడితల వంక కొంచెంసేపు చూసి, సరే అంది. గోదాములో మార్కుల చదువు ఒక్కటే కాదు. రొట్టె తుంచి భిన్నాలు చెప్పేవాళ్ళు, లారీల వెనక రాతలు చదివించి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు, కొత్త బడిలో తలుపు దగ్గర ఏమని అడగాలో, అర్థం కానప్పుడు చెయ్యి ఎట్లా ఎత్తాలో, ఎవరన్నా నవ్వితే ఏం చేయాలో ఆడించి నేర్పేవాళ్ళు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. రోజుకు ఒక్క ప్రశ్నయినా అడగందే ఏ పిల్లా ఇంటికి పోకూడదు. మొదటి రోజు పిల్లలందరూ ఏదో ఒకటి అడిగి పరిగెత్తారు, సౌభాగ్య ఒక్కతే బండ మీద నిలబడి ఉంది, టీచరు కూడా కదలకుండా కూర్చుంది, బయట పిచ్చయ్య సైకిలు పట్టుకుని నిలబడ్డాడు, పొద్దు వాలింది, గొర్రెలు ఇళ్ళకు పోతున్నాయి. అప్పుడు వినిపించింది దాని గొంతు.

"టీచర్, ఎర్రదుమ్ము గుడ్డకు పడితే ఎందుకు పోదు?"

ఇనుము నీళ్ళు తాగి తుప్పవుతుంది, ఆ తుప్పు నూలు లోపలికి దిగుతుంది, పైన ఉన్నదాన్ని దులపొచ్చు గానీ లోపలికి దిగినదాన్ని ఏం చేస్తావు అని టీచరు చెప్తోంది. దిగినాక ఇంగ పోదా టీచర్ అంటోంది పిల్ల. ఉతుకుడు తిప్పలు, ఆడపిల్లకు అవే గదా తోస్తాయి అనుకున్నాడు పిచ్చయ్య. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే దారంతా అది ఏమీ మాట్లాడలేదు. తనలాగే. మాట తక్కువ, చూపెక్కువ. రెండో వేసవికి ఇంట్లో రాగులు విసురుతూ ఇంగ్లీషు చదివేది, తిరగలి ఆగితే చదువూ ఆగేది. పరీక్ష రాసింది. ఎనిమిదో తరగతికి సీటు వచ్చింది, ఆ బడిలోనే. మొదట్లో పిల్లలు ఎర్రజడ అని ఏడిపించేవాళ్ళట, ఎవరన్నా నవ్వితే గోదాములో నేర్పినట్టే చేసేదట, కదలకుండా నిలబడి వాళ్ళ నవ్వు అయిపోయేదాకా చూసేదట, చూసి, మళ్ళీ అడిగిన ప్రశ్నే అడిగేదట. అర్ధ సంవత్సరానికల్లా నవ్వడం మానుకున్నారు. గోదాము పిల్లలందరిదీ ఇదే కథ, ఒకడు గంగావతిలో, ఒకతె హోస్పేటలో, ఎక్కడికి పోయినా చెయ్యెత్తి అడిగి అడిగి మాష్టర్లను తినేస్తున్నారని టీచరు మురిసిపోతుంది.

ఒక్క సంగతే పిచ్చయ్యకు మింగుడుపడలేదు. విక్రమ్ అదే తరగతి. ఏదో సెలవుకు హాస్టలు నుంచి ఇంటికి వచ్చినప్పుడు పిల్ల అన్నం తింటూ, లెక్కలు నన్నే అడుగుతాడు నాయనా, చెప్తాండా, అంది. చెప్పొద్దు అన్నాడు. ఎందుకు నాయనా అంది. చెప్పొద్దంటే చెప్పొద్దు. "వాడేం చేసినాడు, వానికి తెలీదు, అడిగినాడు, చెప్తాండా" అని కంచం కడుక్కోవడానికి లేచిపోయింది. ఆ రాత్రి పిచ్చయ్యకు తన మడికి గట్టు తెగి నీళ్ళన్నీ పక్కవాడి చేలోకి పోతున్నట్టే ఉంది. తను ఇంత కాపు కాసిన చెట్టు కొమ్మ కంప దాటి అవతల వంగితే కాయలు ఎవడు తింటాడు. పిల్ల మరిచిపోయింది, మెత్తబడింది, చదువు మెత్తబరుస్తుందేమో. అందుకే ఈ రుమాల. దానికి చాతకాకపోతే తను చేస్తాడు.

చప్పట్లు. సావుకారు వేదిక ఎక్కాడు. ముందు వరుసలో విక్రమ్, మూతి మీద నూనూగు, అందరికంటే గట్టిగా వాడే కొడుతున్నాడు. సావుకారుకు దండ వేశారు, శాలువ కప్పారు, తల మీద జరీ అంచు మైసూరు పేట తలపాగా పెట్టారు, ఎర్రగా మెరిసే కుచ్చు భుజం మీదికి జారింది, పెళ్ళికొడుకులాగా సర్దుకుని కూర్చున్నాడు. వాడి తల మీద పేట. తన తల మీద ఫ్యాను చప్పుడు. పిచ్చయ్య సంచి మూతి విప్పాడు. పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి పెద్దల పక్కన కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు, సౌభాగ్య వచ్చింది, తెల్ల చొక్కా, తెల్ల లంగా, ఎంత తెలుపంటే అతనికి ఒక్క క్షణం అది తన పిల్లేనా అనిపించింది. సరిగ్గా సావుకారు పక్క కుర్చీలో కూర్చుంది. వీపు నిటారుగా.

దాని పేరు చెప్పగానే లేచింది. సావుకారు శాలువ విప్పి దాని భుజాల మీద కప్పాడు, చేతిలో వెండి రంగు కప్పు పెట్టాడు, తలమీద చెయ్యి పెట్టి మైకులో, "ఈ పాప మా బళ్ళారి బంగారం" అన్నాడు. ఇదే ఆ క్షణం. లెయ్. పిచ్చయ్య లేచాడు, రుమాల సగం బయటికి వచ్చింది, ముందువాడు కూచోప్పా కనపడదు అంటున్నాడు. పిల్ల మైకు ముందుకు వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడుతోంది, పుస్తకం చూడకుండా, తడబడకుండా, నీళ్ళు కాలువలో పడి పోతున్నట్టు. అతనికి ఒక్క ముక్క తెలియదు, పేర్ల కోసం చెవులు రిక్కించాడు. బండ్రి అంది. రామలక్ష్మమ్మ అంది. నాయన, అమ్మ పేర్లు అంది. సుబ్బరామి పేరు లేదు. ఆ గది మాట లేదు. చప్పట్లు మోగాయి. అంతేనా, అనుకున్నాడు. అంతే. మరిచిపోయింది. రుమాల చేతిలో ఉంది గానీ చెయ్యి పైకి లేవడం లేదు, గేటు దగ్గర పడిన ఆ చెయ్యి ఇంకా భుజాన్ని అదిమి ఉన్నట్టుంది, నువ్వు చుట్టుకుంటే మాత్రం వాడికేం తెలుస్తుంది, ఎండకు కట్టుకున్నాడనుకుంటాడు, మంచి పని చేశావు అప్పా అంటాడు.

పిల్ల తన కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కూర్చోలేదు. కప్పును కింద పెట్టింది. భుజాల మీది శాలువ తీసింది, నాలుగు మడతలు వేసింది, వంగింది. తను లేచిన చోట, ఆ తెల్ల గలీబును, ఈ చివరినుంచి ఆ చివరికి తుడవసాగింది. తొందరేమీ లేదు. అక్కడ మరక లేదు, దుమ్ము లేదు, ఏమీ లేదు. అయినా తుడిచింది. మూలలు తుడిచింది. కుర్చీ చేతులు తుడిచింది. హాల్లో గుసగుసలు మొదలై ఆగిపోయాయి. సావుకారు పక్కాయన వైపు వంగి, చూడు ఎంత శుభ్రం నేర్పినారో అన్నట్టున్నాడు, ఇద్దరూ నవ్వారు. పిల్ల లేచి నిలబడింది, తుడిచిన వైపు పైకి వచ్చేట్టు శాలువను మడిచి సావుకారు ఒళ్ళో పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడి, వాళ్ళ నవ్వు అయిపోయేదాకా చూసింది.

సావుకారు శాలువ వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, మళ్ళీ కుర్చీ వంక. నవ్వు మూతి మీదే ఉండిపోయింది గానీ దాని వెనకున్నది జారిపోయింది. ఏదో వెతుకుతున్నవాడిలా తలెత్తాడు, వరుస వెంట వరుస హాలంతా చూసుకుంటూ వచ్చాడు, చివర గోడ దగ్గర, అందరూ కూర్చుని ఉండగా ఒక్కడే నిలబడి ఉన్న బోడితల మనిషి దగ్గర, చేతిలో వేలాడుతున్న ఎర్రగుడ్డ దగ్గర ఆ చూపు ఆగింది. పేట కింద నుంచి చెమట చెంప మీదికి జారింది. పిచ్చయ్య చూపు తిప్పుకోలేదు. తిప్పుకున్నది అవతలివాడు. ఏళ్ళ తరబడి అనుకున్న క్షణం ఇదే, ఇంతకంటే ఎక్కువే, అయినా గొంతులో తీపి లేదు, కత్తి నాలుక మీద పెట్టినట్టు ఇనుపరుచి. తను మోస్తున్నాననుకున్న బరువు తన నెత్తిన లేనే లేదు. ఇన్నేళ్ళూ పిల్ల మోసింది. సైకిలు వెనక, తిరగలి పక్కన, ఎర్రజడ అని నవ్విన పిల్లల నడుమ. దిగినాక ఇంగ పోదా టీచర్.

తరువాతి పేరు పిలిచారు. సౌభాగ్య మెట్లు దిగి, వరుసల మధ్యగా నడిచి, వెనక్కి వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. ఇద్దరూ వేదిక వైపే చూస్తున్నారు. పిల్ల తల తిప్పకుండానే అడిగింది.

"దూలానిదేనా?"

"ఊ."

"కట్టుకో నాయనా."

అతని చేతులు లేచాయి. కుడి నుంచి ఎడమకు, వాళ్ళ నాయన చుట్టినట్టు, మొదటి చుట్టు తప్పింది, విప్పి మళ్ళీ చుట్టాడు, చేతులకు మెల్లగా దారి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు మడతల్లో దాగిన ఎర్రదుమ్ము రాలి, గాలిలేని ఆ మూలలో నిదానంగా దిగి, పిల్ల తెల్లచొక్కా భుజం మీద పడింది. అది చూసుకుంది. దులుపుకోలేదు.